పేరు ముందు రెండు చుక్కలు

కోరుట్ల బస్టాండు ఎదురుగా ఈ మధ్య ఒక టిఫిన్ బండి వెలిసింది. బండి నెత్తిన ఎర్రటి అక్షరాలతో "టిఫిన్'స్" అని రాయించారు. దోశ తిందామని పోయినదాన్ని, దోశ మరిచిపోయి బండాయనతో పంచాయితీ పెట్టుకున్నాను.

"అన్నా, టిఫిన్ మీద గా కామా ఎందుకు పెట్టిచ్చినవ్?"

"స్టైలుకు అక్కా. అందరు పెడ్తున్రు గదా."

"గది ఇంగ్లీషుల ఎవలిదో చెప్పేతందుకు పెడ్తరు. రాజు'స్ అంటే రాజుది. టిఫిన్'స్ అంటే టిఫిన్‌ది. టిఫిన్‌ది ఏంది? చట్నీయా, సాంబారా?"

"అక్కా, ఎనుక మంది నిలవడ్డరు. ప్లేటు కావాల్నా, అద్దా?"

ప్లేటు తీసుకున్నాను. దోశ బాగానే ఉంది. కానీ తిన్నంతసేపూ ఆ కామా నా నెత్తి మీద ఈగలా తిరుగుతూనే ఉంది. మీరు నవ్వుకుంటే నవ్వుకోండి. నేను ఇట్లాంటి మనిషినే. ఈ వయసులో మారేది కూడా లేదు.

నాకు కోరుట్లలో చిన్న డీటీపీ దుకాణం ఉంది. పెళ్ళి కార్డులు, ఫ్లెక్సీలు, బిల్లు బుక్కులు, ఏదైనా సరే మ్యాటర్ నా కంప్యూటర్‌లో ఎక్కాకే ప్రెస్సుకు పోతుంది. పెళ్ళయి సిరిసిల్ల నుంచి ఈ ఊరికి వచ్చిన కొత్తలో వేరేవాళ్ళ దగ్గర టైపింగ్ పనికి కుదిరాను. తర్వాత సొంతంగా పెట్టుకున్నాను. ఇన్నేళ్ళలో నా చేతుల మీదుగా ఎన్ని లగ్గాల కార్డులు పోయాయో నాకే గుర్తు లేదు. ఊళ్ళో నన్ను "తప్పుల మేడం" అంటారని నాకు తెలుసు. కొందరు మొహం మీదే అంటారు, "మేడం, తప్పులున్నా మంచిదే గని జెర జల్ది ఇయ్యుండ్రి" అని. జల్దీ ఇస్తాను. తప్పులతో మాత్రం ఇవ్వను.

"ముహూర్తం"లో దీర్ఘం మింగేసి రాసిస్తారు. "బంధుమిత్ర సపరివార సమేతంగా" అని రాసిస్తారు. సపరివారంగా అన్నాక మళ్ళీ సమేతం ఎందుకయ్యా, ఇంటిల్లిపాదినీ రెండుసార్లు తోలుకురావాలా అంటే, "అందరి కార్డులల్ల గట్లనే ఉంటది మేడం" అంటారు. అందరూ బావిలో దూకితే అన్న సామెత వాళ్ళకూ తెలుసు, నాకూ తెలుసు. ఒక నాయకుడి పుట్టినరోజు ఫ్లెక్సీ మీద ఆశ్చర్యార్థకాలు ఏడు వరుసగా నిలబెట్టమన్నారు. ఆయన పుట్టడం మీకు అంత ఆశ్చర్యంగా ఉందా అని అడిగాను. ఆ ఫ్లెక్సీ వాళ్ళు మళ్ళీ నా గడప తొక్కలేదు.

ఇక "యొక్క". దీన్ని చూస్తే నాకు కడుపు మండిపోతుంది. "వధువు యొక్క తండ్రి", "షాపు యొక్క ప్రారంభోత్సవం". మీ అమ్మ ఎన్నడన్నా "నా యొక్క చెప్పులు ఏడ పెట్టినవే" అని అడిగిందా? తెలుగులో ఒకరిది అని చెప్పడానికి పైన వేలాడే కామా అక్కర్లేదు, నడుమ యొక్క అక్కర్లేదు. అమ్మ చీర. బాపు మగ్గం. పక్కపక్కన పెడితే చాలు, అయిపోయింది. మరీ అవసరమైతే మాటే కాస్త ఒదుగుతుంది. ఇల్లు ఇంటి గడప అవుతుంది, ఊరు ఊరి దారి అవుతుంది. ఇంత సుఖమైన భాషను నోట్లో పెట్టుకుని ఆ కామాను అరువు తెచ్చుకునే ఖర్మ మనకెందుకో నాకు ఇప్పటికీ అర్థం కాదు.

ఈ పిచ్చి నాకు బడిలో పట్టలేదు. సిరిసిల్లలో మా బాపు దగ్గర పట్టింది. ఆయన సాంచాలు నడిపేవాడు. కరెంటు మగ్గాలను మా దిక్కు సాంచాలంటారు. ఆయనకు అక్షరం ముక్క రాదు. కానీ అన్ని సాంచాల చప్పుడులోనూ ఎక్కడ పోగు తెగిందో ఆయన కన్ను ఇట్టే పట్టేది. పోగు తెగినా సాంచా ఆగకపోతే గుడ్డ పొడవునా సన్నటి గీత పడుతుంది. చాలామంది చూసీ చూడనట్టు పోనిచ్చేవారు. మా బాపు ఆపి, ముడేసి, అప్పుడు నడిపేవాడు. "ఒక్క పోగే గదా బాపూ" అన్నాను ఒకసారి. "కట్టుకున్నోళ్ళకు కనవడేది గదే బిడ్డా" అన్నాడు.

అయితే ఒక మాట. జగిత్యాలలో డిగ్రీ చదివేటప్పుడు, నా వ్యాసంలో "మా బాపు వచ్చిండు" అని ఉన్నచోట మా తెలుగు సారు ఎర్ర ఇంకుతో కొట్టేసి "వచ్చాడు" అని రాశాడు. నేను లేచి, "సార్, మా బాపు ఎన్నడు వచ్చాడు కాదు సార్, వచ్చిండే" అన్నాను. క్లాసంతా గొల్లుమంది. సారు నన్ను గంటసేపు వరండాలో నిలబెట్టాడు. నిలబడ్డాను గానీ ఒప్పుకోలేదు. ఇప్పుడూ ఒప్పుకోను. తప్పు వేరు, ఒక మనిషి మాట వేరు. నేను బోర్డులను సరిచేస్తాను, ఎవరి నోటినీ సరిచేయను. ఇక్కడ "వచ్చాడు" అని రాస్తున్నానంటే అది అచ్చు కోసం నాకు నేనుగా పెట్టుకున్న పద్ధతి, సారుకు భయపడి కాదు.

ఇన్ని గొప్పలు చెప్పుకున్నదాన్ని, పోయిన ఎండాకాలం నేనే ఒక తప్పు చేశాను. ఎవరి కార్డులోనూ ఎన్నడూ చేయనంత తప్పు.

కథలాపూర్ నుంచి ఒకామె బిడ్డ లగ్గం కార్డు కోసం వచ్చింది. వెంట ఆ బిడ్డ కూడా ఉంది, డిగ్రీ అయిపోయిన పిల్ల. ఆమె పెనిమిటి గల్ఫ్‌కు పోయి అక్కడే తప్పిపోయాడు. పిల్ల ఏడో తరగతిలో ఉండగా పోయాడట. మొదటి రెండేళ్ళు ఫోన్లు వచ్చాయి, ఉత్తరాలు అటూ ఇటూ నడిచాయి. ఆ తర్వాత ఖల్లివెల్లి అయ్యాడని తోటివాళ్ళు చెప్పారు. కంపెనీని విడిచి, కాగితాలు లేకుండా బయట దొంగచాటుగా పని చేసుకునేవాళ్ళను మావాళ్ళు అట్లా అంటారు. అప్పటి నుంచి ఎనిమిదేళ్ళుగా ఒక్క కబురు లేదు. ఉన్నాడని ఎవరూ చెప్పలేదు, పోయాడని కూడా ఎవరూ చెప్పలేదు. ఇదంతా ఆమె నా దుకాణంలో స్టూలు మీద కూర్చుని, సాంపిల్ కార్డులు తిరగేస్తూ, ఎవరో పక్కింటివాళ్ళ ముచ్చట చెప్పినట్టు చెప్పింది. మ్యాటర్ కాగితం తన చేత్తోనే రాసుకొచ్చింది. తల్లిదండ్రుల చోట "శ్రీమతి" అని తన పేరు, "శ్రీ" అని ఆయన పేరు, పక్కపక్కన.

మా పనిలో ఒక అలవాటు ఉంది. ఏ పెళ్ళి కార్డునూ మొదటి నుంచి కొట్టము. అంతకుముందు చేసిన కార్డు ఫైలు తెరిచి, దాని మీదే పేర్లు, ఊర్లు, తేదీలు మార్చేస్తాము. అందరూ చేసేదే. ముందురోజు నేను చేసింది మేడిపల్లి వాళ్ళ కార్డు. ఆ పెళ్ళికూతురు తండ్రి చనిపోయాడు, కాబట్టి ఆయన పేరు ముందు "కీ.శే." ఉంది. ఆ పేరు తీసేసి కథలాపూర్ ఆయన పేరు పెట్టాను. ముందున్న రెండు అక్షరాలూ రెండు చుక్కలూ అట్లాగే ఉండిపోయాయి. ఆ ప్రూఫు నేను మూడుసార్లు చదివాను. ముహూర్తంలో దీర్ఘం చూశాను. సపరివారం చూశాను. కార్డు రెండో వైపు ఇంగ్లీషులో కామాలు కూడా చూశాను. అది మాత్రం నా కంట పడలేదు.

మూడో రోజు ప్రూఫు చూడడానికి వచ్చారు. తల్లి, బిడ్డ, వాళ్ళతోపాటు పెళ్ళికొడుకు పెద్దనాయన. ఎవరి పేరు ముందు రావాలి, ఎవరి పేరు తర్వాత రావాలి అన్న గొడవలు వస్తాయని రెండు దిక్కులవాళ్ళూ చూసుకుని పోవడం మా దగ్గర మామూలే. ఆమె కాగితాన్ని బల్ల మీద పెట్టుకుని, వేలు ఆనించి ఒక్కో వరుసే చదువుతూ వచ్చింది. వేలు ఒకచోట ఆగింది. తలెత్తి నన్ను చూసింది.

"ఎవలు జెప్పిన్రక్కా నీకు?"

"ఏంది చెల్లె?"

"ఎవలన్న ఫోన్ జేసిన్రా నీకు? ఎప్పుడు జేసిన్రు? ముందుగాల నాకెందుకు జెప్పలే?"

గొంతు పెంచలేదు. అరిచినా బాగుండేది. నాకు ఏమీ అర్థం కాక ఆమె వేలు కిందికి చూశాను. అచ్చులో ఆయన చనిపోయి ఉన్నాడు. కార్డులు కొట్టేదాన్ని కదా, నాకు నలుగురు తెలుసు కదా, ఎవరో నాకు కబురు చేశారనుకుంది. ఎనిమిదేళ్ళుగా ఎదురుచూసిన కబురు నా దుకాణంలో, ఒక ప్రూఫు కాగితం మీద తెలిసిందనుకుంది.

"అయ్యో, లేదు చెల్లె! ఎవలు చెప్పలే, నీ కాళ్ళు మొక్కుత, ఎవలు చెప్పలే. అది వేరేటోళ్ళ కార్డుది. పాత ఫైలుల ఉన్నది మరిచిపోయిన. తప్పు నాదే."

బిడ్డ వచ్చి తల్లి భుజాలు పట్టుకుంది. నేను నీళ్ళు తెచ్చిచ్చాను. ఆమె గ్లాసు ఖాళీ చేసింది. తాగాక మొదలుపెట్టింది.

"నీ కంప్యూటర్ మన్నువడ! నీ చేతులు ఇరగ! మనిషి పానం తీసి మల్ల మర్శిపోయిన అంటవా? పెద్ద తప్పుల మేడమట, ఊరందరి తప్పులు దేవులాడుతదట!"

అన్నీ పడ్డాను. ఆమె తిట్టింది కాబట్టి కొంచెం ఊపిరి ఆడింది నాకు.

పెద్దనాయన ముందుకు జరిగాడు. జేబులోంచి అద్దాలు తీసి పెట్టుకుని, కాగితం తన దిక్కు తిప్పుకుని చదివాడు. చదివి నెమ్మదిగా అన్నాడు, "పోనియ్యి చెల్లె. ఏదైనా మన మంచికే అయితది. గట్లనే ఉండనియ్యి."

"ఏది గట్లనే ఉండాలె?"

"జెర నా మాట ఇను. రేపు పీటల మీద పిల్ల చిన్నాయిన కూసుంటడు. కార్డుల శ్రీ అని ఉంటే, మరి తండ్రి ఏడ అని అచ్చినోళ్ళంత అడుగుతరు. ఒక్కొక్కలకు ఒక్క తీరు చెప్పుకోవాలె. గీ రెండక్షరాలుంటే ఎవ్వలు అడుగరు. ఎనిమిదేండ్లాయె. నీకు తెల్వదా, మాకు తెల్వదా?"

"నాకు తెల్వదన్నా," అంది ఆమె. "గందుకే అద్దంటున్న. తెల్వని ముచ్చట ఎట్ల అచ్చేయిస్తం?"

ఆయన చెడ్డవాడేం కాదు. బరువైన మనిషి, నలుగురిలో మాట పోకూడదనుకునే మనిషి. బిడ్డను చేసుకునేవాళ్ళం అన్న గీర కూడా ఆయన గొంతులో లేదు. ఆయన నా దిక్కు తిరిగాడు.

"మేడం, నువ్వన్న చెప్పు. అందరు రాసుకునే తీరే గదా."

చేత్తోనే చెప్పాను. ఆమె తిట్లు ఇంకా చెవుల్లో ఉండగానే, ఆయన కళ్ళ ముందే కంప్యూటర్ తిప్పి, ఆ రెండు అక్షరాలనూ రెండు చుక్కలనూ ఒక్కొక్కటే చెరిపేశాను. "శ్రీ" కొట్టాను. గట్టిగా కొట్టానో ఏమో, కీబోర్డు బల్ల మీద ఎగిరింది.

"రాసిచ్చింది కొట్టుడే గదమ్మా నీ పని," అన్నాడాయన, ఈసారి కాస్త కోపంగానే.

"అవునన్నా. రాసిచ్చింది శ్రీ. నడుమల తప్పు జేసింది నేను. నా తప్పును ఎవలికన్న అక్కెరకస్తదని ఉంచుకుంటనా?"

"మా దిక్కు కార్డు మేం ఏరే ఏయించుకుంటం. దాంట్ల మేము రాసుకుంటం."

"ఏయించుకోండ్రి. నా దగ్గరికే తెండ్రి, ఏస్త. గని గీ అక్షరాలు ఆయిన పేరు ముందట నా చేతితోని కొట్ట. సావు కబురు రాకముందు సావు రాసుడు తప్పన్నా. దీర్ఘం పోయినట్టు గాదు ఇది."

అప్పుడు బిడ్డ నోరు తెరిచింది. "పెద్దనాయినా, మా బాపు పేరు ముందట శ్రీ లేకుంటే నా పేరు గూడ కొట్టెయ్యుండ్రి. నేను ఆయిన బిడ్డనే గదా," అంది. చెప్పి తల వంచుకోలేదు. ఆయన వైపే చూస్తూ నిలబడింది. తల్లి ఆమె చెయ్యి పట్టుకుంది. పెద్దమనిషి అద్దాలు జేబులో పెట్టుకుని, "మీ ఇష్టం" అని లేచిపోయాడు.

అన్నంత పనీ చేశాడు. వాళ్ళ దిక్కు కార్డు జగిత్యాలలో వేయించారు. అందులో ఒకటి నా దాకా వచ్చింది. పైన "వెడ్డింగ్ ఇన్విటేషన్'స్" అని వేలాడే కామా, లోపల "వరుని యొక్క తండ్రి", "సపరివార సమేతంగా", ఏదీ తక్కువ చేయలేదు. పిల్ల తండ్రి పేరు ముందు "కీ శే" అని ఉంది. చుక్కలు లేవు. మనిషిని చంపడానికి కూడా రెండు చుక్కలు పెట్టే ఓపిక లేకపోయింది వాళ్ళకు! ఆ కార్డు మీద ఎర్ర పెన్నుతో అన్నీ గీశాను. ఎవరికీ చూపించలేదు. గీసి డ్రాయర్‌లో పడేశాను.

మా కార్డులు అచ్చయి వచ్చిన రోజు ఆమె ఒక్కతే వచ్చింది. పసుపు వెంట తెచ్చుకుంది. మొదటి కార్డు తీసి, నాలుగు మూలలా పసుపు పెట్టింది. మొదటి కార్డు దేవుని దగ్గర పెట్టడం ఆనవాయితీ కదా, గుడికి పోతుందేమో అనుకున్నాను. చిన్న సంచిలోంచి ఒక పాత కవరు ముక్క తీసి నా ముందు పెట్టింది. మడతల దగ్గర చిరిగి, ప్లాస్టరు అంటించి ఉంది.

"గీ అడ్రసు రాసియ్యక్కా. ముందుగాల్ల కార్డు ఆయినకు పోవాలె. బిడ్డ లగ్గమాయె."

అది ఆయన ఉన్న చివరి క్యాంపు అడ్రసు. ఇంగ్లీషులో టైపు చేసి ఉంది. గది నంబరు, పోస్ట్ బాక్సు, మధ్యలో వర్కర్స్ క్యాంప్ అన్నచోట కామా తప్పు జాగాలో పడింది. వందల మంది ఉండే క్యాంపును ఒక్క వర్కర్‌దే అన్నట్టు రాశారు. నా పెన్ను అక్కడికి వచ్చి ఆగింది. అలవాటు కదా, చెయ్యి ఊరుకోదు. కానీ ఈ తప్పు కామాతోనే ఒకప్పుడు ఈమె రాసిన ఉత్తరాలు ఆయన చేతికి అందాయి. అది నేను మార్చకూడదు. నా జన్మలో మొదటిసారి, తప్పని తెలిసి తెలిసి, ఉన్నది ఉన్నట్టు దించాను.

"పేరు తెలుగుల రాయి. ఆయినకు ఇంగ్లీషు రాదు," అంది.

పైన తెలుగులో "శ్రీ" అని రాసి, ఆయన పేరు రాసి, "గారికి" అన్నాను. ఆమె వేలు పెట్టి చదువుకుంది. ఈసారి వేలు ఎక్కడా ఆగలేదు. పంపేవాళ్ళ చోట ఆమె ఇల్లు రాయబోయి ఆగి, నా దుకాణం అడ్రసు రాశాను. ఒకవేళ వాపస్ వస్తే ఆమె గుమ్మంలోకి రాకూడదు, ముందు నా దగ్గరికే రావాలి అనిపించింది.

"అందుతదా అక్కా?"

"తెల్వది చెల్లె."

"ఆఁ. నాకు గూడ తెల్వది," అంది. ఇద్దరం కలిసి పోస్టాఫీసుకు పోయాం.

లగ్గం బాగానే జరిగింది. పిల్ల చిన్నాయన పీటల మీద కూర్చున్నాడు. పెద్దమనిషి భయపడినట్టే అందరూ అడిగారు. ఒక ముసలామె రెండు కార్డులూ రెండు చేతుల్లో పట్టుకుని, "గిందాంట్ల ఉన్నడు, గందాంట్ల లేడు, ఏదే నిజం?" అని పెళ్ళికూతురు తల్లినే నిలదీసింది. ఆమె నుదుట ఇంత బొట్టు పెట్టుకుని, పట్టుచీరలో నిలబడి, "నేను ఏయించింది నీ కుడిచేతిల ఉన్నది పెద్దవ్వా" అని చెప్పి భోజనాల దగ్గరికి పోయింది. ఆ పెద్దమనిషి కుటుంబం కార్డులకు ఇప్పుడు నా దగ్గరికి రారు. రాకపోతే పోనీ.

ఆ కవరు ఇప్పటిదాకా వాపస్ రాలేదు. పోస్టుమన్ మా దుకాణం ముందు సైకిల్ ఆపినప్పుడల్లా నేను టైపింగ్ ఆపి బయటికి చూస్తాను. కరెంటు బిల్లో, బ్యాంకు కాగితమో ఇచ్చి పోతాడు. ఆమె కథలాపూర్ నుంచి కూరగాయలకు వచ్చినప్పుడు గడపలో నిలబడి చూస్తుంది, అడగదు. వాపస్ రాలేదని నేను తల అడ్డంగా ఊపుతాను. ఆమె మొహం తేటపడుతుంది. ఏదో ఒక రోజు దాని మీద ముద్ర కొట్టి నాకే తెచ్చిస్తారేమో. తెస్తే తెచ్చారు. కొత్త కవరు తీసి, అదే తప్పు కామాతో అదే అడ్రసు దించి, పేరు ముందు మళ్ళీ "శ్రీ" అనే రాస్తాను.